పదిహేనో ముక్క

నాన్నకు, నీ చిన్నది నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. అక్కడ అక్కా, పిల్లలూ, నువ్వూ బాగున్నారని తలుస్తాను. ఈ వారం బాగా లేనిదల్లా నీ గడ్డికోత బండి. దాన్ని తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది.

నీ ఉత్తరం మొన్న అందింది. రాసింది కింది వాటా దర్జీగారే అయినా మాట నీదేనని మొదటి వాక్యంలోనే తెలిసింది. "నా కాలు సంగతి తర్వాత, ముందు బెల్టు సంగతి చెప్పు" అన్నావు. ఆ కాలు సంగతి చివరిదాకా రాయించనే లేదు. కట్టు ఎప్పుడు విప్పుతారో అక్కనైనా రాయించమను.

ఇక నీ ప్రశ్నలు. బెల్టు కొత్తదే, పాతదాని మీదున్న నంబరు చూసి తెచ్చాను. స్ప్రింగు సాగిపోయిందని అదీ మార్చాను. పుల్లీలు మూడూ చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. అయినా ఏం లాభం? బ్లేళ్ల లీవరు వేస్తే రెండు నిమిషాలు బుద్ధిగా నడిచేది. మూడో నిమిషంలో రబ్బరు కాలిన కంపు, టప్పుమని చప్పుడు, బెల్టు వెళ్లి గడ్డిలో పడుండేది. వారంలో పదకొండుసార్లు ఎక్కించాను. వేళ్ల కణుపులన్నీ దోక్కుపోయాయి. బెల్టుకి ఒకవైపు అంచే పీచులు రేగింది, రెండోవైపు నిగనిగలాడుతోంది.

కాలేజీ వాచ్‌మన్ బాబాయి నోరు ఊరుకుంటుందా? "ఏం చదువులమ్మా, బండికి పాఠం ఎక్కిందా? లేకపోతే మళ్లీ మొదటి పేజీయేనా?" అనేవాడు. గేటు దాటిన ప్రతిసారీ ఇదే వరస. నవ్వలేక ఏడవలేక చచ్చిపోయాను.

కాలేజీ మేనేజరుగారైతే గడువు పెట్టేశారు. "శనివారానికి మైదానం కొయ్యకపోతే ఈ డొక్కుని తుక్కులో వేసి, కోతపని బయటివాళ్లకిచ్చేస్తా. తర్వాత మీ నాన్నొచ్చి ఏం తోలతాడో నాకు తెలీదు." నువ్వు వచ్చేదాకా నీ పని నేను నిలబెడతానని మాటిచ్చినదాన్ని.

బండితో వచ్చిన పుస్తకం గుర్తుందా? ఇన్నేళ్లూ గుడ్డలో చుట్టి సీటు కింద దాచావు. నేను పదో తరగతి ప్యాసైన రోజున తీసి, "ఇది విప్పగలిగేది మనింట్లో నువ్వొక్కదానివే" అని నా చేతిలో పెట్టావు. ఈ వారమంతా దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాను. బెల్టు జారితే ఇది చూడు, కాలితే అది చూడు అని ఎంత చెప్పిందో అంతా చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బండి మాత్రం నడవలేదు.

నీ చివరి ప్రశ్నకి జవాబు రాయకుండా ఇంతసేపూ తప్పించుకు తిరుగుతున్నాను. "బెల్టు బిగించే చిన్న పుల్లీ వెనకాల నా బిళ్ల ఉందిగా?" అన్నావు.

లేదు నాన్నా. నేనే తీసేశాను.

కొత్త బెల్టు వేసిన రోజున పుస్తకంలో బొమ్మ చూస్తూ భాగాలు లెక్కపెట్టాను. బొమ్మలో పద్నాలుగు, నా చేతిలో పదిహేను. ఆ పదిహేనోది పాత డబ్బామూత కత్తిరించి చేసిన బిళ్ల, సరిగ్గా గుండ్రంగా కూడా లేదు. తుక్కు డ్రమ్ములో పడేశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఏమిటది అని మేనేజరుగారు అడిగితే, వాచ్‌మన్ బాబాయీ తోటమాలులూ వింటుండగా, "ఇది పుస్తకంలో లేదు. మా నాన్నకి చదువు రాదు కదండీ, ఏ ముక్క దొరికితే అది దూర్చేశాడు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నీ ఉత్తరం చదివాక అమ్మ దారపుండ తీసుకుని పరుగెత్తాను. మూడు పుల్లీల ముఖాల మీదుగా దారం బిగించి పట్టుకున్నాను. రెండింటికి తగిలింది. చిన్నదానికి తగల్లేదు, గోరుమందం లోపలికి ఉంది. దాన్ని పట్టే ఇనప పట్టీ ఎప్పుడో రాయికి తగిలి వంగినట్టుంది. వంగిన సంగతి పుస్తకానికి ఏం తెలుసు? ఆ గోరుమందం కోసమే నువ్వు మూత కత్తిరించావు.

డ్రమ్ము మొత్తం నేల మీద బోర్లించి వెతికాను. మధ్యాహ్నానికి దొరికింది. పెట్టి బిగించాను. మూడో నిమిషం వచ్చింది, పోయింది. గంట గడిచింది. ఇవాళ శుక్రవారం సాయంత్రం, మైదానంలో గోడవారగా ఒక పట్టీ తప్ప అంతా కోశాను. అది రేపు పొద్దున్నే అయిపోతుంది.

మేనేజరుగారి దగ్గరికి వెళ్లి, తప్పు నాదని ఆ నలుగురి ముందే చెప్పాను. ఆయన బిళ్ల సంగతంతా విని, "మరి పుస్తకంలో లేదన్నావే?" అన్నారు. బొమ్మలో చిన్న పుల్లీ పక్కన పెన్సిలుతో వంకర గుండ్రం గీసి, పదిహేను అని వేసి చూపించాను. కాసేపు చూసి, "మీ నాన్న వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది" అన్నారు. వాచ్‌మన్ బాబాయి పుస్తకం తన చేతిలోకి తీసుకుని ఆ గుండ్రం వంక చూశాడు.

దర్జీగారూ, ఇది చదవడానికి మీరు మొహమాటపడతారని తెలుసు. దయచేసి ఒక్క మాటా వదిలిపెట్టకండి. అక్కనీ, బావనీ, పిల్లల్నీ కూర్చోబెట్టి గట్టిగా చదవండి. నేను నాన్నని ఆ మాట అన్నదీ నలుగురిలోనే.

ఇట్లు,
ఇంకా చదువుకుంటున్న నీ చిన్నమ్మాయి