వీరన్న పేరున వచ్చిన కవరు

ఆదోని,
మంగళవారం.

నాన్నా,

నేను బాగున్నాను. ఫోనులో చెప్తే నీ పక్కనున్న అవ్వ నా గొంతును బట్టి సంగతి పసిగట్టేస్తుందని కార్డు రాస్తున్నాను.

పాత మెడల్ ఏది దొరికినా నేను ముందు అంచు చదువుతాను. సిపాయి పేరు, నంబరు అక్కడే చెక్కి ఉంటాయి. అవ్వ తన నాయనదని ఇచ్చిన వెండి మెడల్ మీద సామ్సన్ అని లేదు, వీరన్న అని ఉంది. ఆయన పటాలంలో చేరినాక, సెలవులో వచ్చి బాప్తిస్మం తీసుకొని సామ్సన్ అయ్యాడు కదా. నంబరు పెట్టి వెతికితే యుద్ధంలో పోయినవాళ్ళ జాబితాలో దొరికాడు. 1944 మే నెలలో బర్మా సరిహద్దులో జ్వరంతో చనిపోయాడు. అక్కడే ఎవరినో కట్టుకొని ఉండిపోయాడని అవ్వ ఇన్నేళ్ళూ తిట్టింది ఈయననే.

అవ్వ నవ్వుతూ చెప్పే కథ గుర్తుందా? వీరన్న పేరున సర్కారు కవరొస్తే, పాత పేరుకు పలకొద్దన్న పాస్టరు మాట పట్టుకొని అవ్వ వాళ్ళమ్మ పోస్టుమ్యాన్‌ను తరిమిందట: "మా ఇంట్లో వీరన్న లేడప్పా, సామ్సనే ఉండాడు. పో, పేరు సరిగ్గా రాపిచ్చకోని రా!"

ఆ కవరులో ఏముందో ఇప్పుడు తెలిసింది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఎమ్మిగనూరు నుంచి ఎవరైనా వస్తుంటే నా దుప్పటి పంపు.

వాళ్ళ నాయన పారిపోలేదని అవ్వకు మెల్లగా చెప్పు. కవరు మాట ఎత్తొద్దు. వాళ్ళమ్మను తలచుకొని ఆమె నవ్వేది ఆ ఒక్క కథకే. దేవుడు మీకు తోడుగా ఉండాలి. చదివినాక కార్డు పొయ్యిలో వేయి.

సలోమి