నడుముకి తెచ్చిన తైలం

బావా,

చల్దన్నం ఉట్టి మీద ఉంది. ఆవుకి కుడితి పెట్టు. టెక్కలి లేడీ డాక్టరు దగ్గరికి వెళుతున్నాను.

నొప్పి పొత్తికడుపులో మొదలై నడుములోకి లాగుతోందని రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను. నన్ను తీసుకెళ్లకుండా నువ్వే కాంపౌండరు దగ్గరికి వెళ్లి, పొత్తికడుపు అనడానికి సిగ్గేసి, "నడుం నొప్పంటందండీ" అని తైలం తెచ్చావట. నిన్న నవ్వుతూ చెప్పావు. ఆ తైలమే ఇన్నాళ్లూ రాసుకున్నాను.

నాకు పురుడు పోసిన నర్సమ్మకి అంతా చెప్పాను. "పురిటి మంచం దిగీ దిగకుండా జీడిపిక్కల బస్తాలెత్తీసినావు. గర్భసంచి జారిందేమో, సూపించుకోయే" అంది.

ఈసారి నొప్పెక్కడో నేనే చెప్పుకుంటాను.

దమయంతి

తైలం సీసా గూట్లో ఉంది. ఇంకా సగముంది, నీ సిగ్గుకి రాసుకో.