సైకిల్ చెయిన్‌కు అమ్మ కొబ్బరినూనె

నాయినా,

నువ్వు పోయాక ఇదే మొదటి దసరా. బొట్లు పెట్టే ముందు నీ సైకిల్ కడిగి, వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి, స్పోకులన్నీ నీ పాత బనీన్‌తో తుడిచాను. చెయిన్‌కు సూర్యాపేటలో అసలైన ఆయిల్ కొనుక్కొచ్చాను. ఏటా నువ్వు అమ్మ కొబ్బరినూనె ఎత్తుకెళ్లడం, ఆమె కసరడం గుర్తుంది కదా! ఈసారి ఆ సీసా అమ్మే తెచ్చింది.

"మీ నాయిన గిదే పోస్తుండె బిడ్డా."

దానికి దుమ్ము అంటుకుంటుందని తెలుసు. అయినా అదే పోసి, పెడల్ చేత్తో తిప్పాను. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. అమ్మ దాన్నే చూస్తూ కసిరింది.

"నూనంత నీ సైకిల్‌కే పోస్తే నా నెత్తికేం పెట్టుకోవాలె?"

సీసా నా చేతిలోనే ఉంది. తిట్టు మాత్రం నాకు కాదు.