చెప్పుల బొమ్మ కాకినాడకు రాదు

కాట్రేనికోన,
9 ఆగస్టు 2003.

శారోన్ అక్కకి,

సువర్ణ వందనాలు. నువ్వూ, బావగారూ, పాపా ప్రభువు కృపలో చల్లగా ఉన్నారని నమ్ముతూ రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. మా ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా, నా ఉత్తరం వస్తే అమ్మ పాస్టరుగారింటికి పట్టుకెళ్ళి చదివించుకుంటుంది. అందుకని అమ్మకి బాగున్నానని తప్ప ఇంకేమీ రాయను. మిగతావన్నీ నీకే రాస్తాను.

అమలాపురం హాస్టల్లో మనిద్దరం ఉన్న గది ఖాళీ చేసి వచ్చాక నాకు ఈ సముద్రపొడ్డు బడిలో ఉద్యోగం దొరికింది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోతే సరుగుడు తోటలో గాలి తప్ప పలకరించేవాళ్ళుండరు. అందుకే రెండో శనివారాలు సెలవైనా పిల్లల్ని పోగేసి ఒడ్డు శుభ్రం చేయిస్తున్నాను. తెగిన నైలాను వలలు, టూత్ బ్రష్షులు, రొయ్యల మందు డబ్బాలు దొరుకుతాయి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పులు. ఏ రెండూ జత కావు.

వాటితో సరుగుడు కర్రల మీద నిలువెత్తు ఆడమనిషిని కట్టాను. నీలం వల చీర, నల్లతాడు జడ, బ్రష్షుల వేళ్ళు, ఒళ్ళంతా రంగురంగుల చెప్పులు. మా హెడ్మాస్టరు శ్యామ్ బాబుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, కాకినాడలో జరిగే కళా ప్రదర్శనకి పేరు రాయించేశారు. ఈ నెల ఇరవైన. నువ్వుండేది కాకినాడలోనే గనక వచ్చి చూస్తావనీ, చూసి నాతో కాసేపు కూర్చుంటావనీ ఎంతో ఆశపడ్డాను.

కానీ అక్కా, బొమ్మ రావడం లేదు.

మొన్న రొయ్యల చెరువుల బంగారరాజుగారు బడి ముందు మోటారు సైకిలు ఆపి, బొమ్మకేసి చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. ఆయన రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి వరసగా రెండు పంటలు పోయాయి. టీచరుగారండీ, దిష్టిబొమ్మ భలే కట్టేరండీ అన్నారు. దిష్టిబొమ్మ కాదండీ, కళ అండీ అని చెప్పాను. ఆయ్, కళేనండీ, ఎవరు కాదన్నారండీ, మేం లారీకి ఒక్క చెప్పు కడితేనే దిష్టి తగలదే, మీరు ఒంటినిండా కట్టేరు, ఇంక ఏ పాడు కన్నైనా ఆనుతుందాండీ అన్నారు. ఆయన వేళాకోళం ఆడడం లేదక్కా. కళ్ళలో నీళ్ళున్నాయి. జాలేసి పట్టుకెళ్ళమన్నాను. ఎడ్లబండి మీద పడుకోబెట్టి చెరువు గట్టుకి తీసుకెళ్ళారు. జడ బండి వెనక వేలాడుతూ పోయింది.

ఇప్పుడు ఊళ్ళో అందరికీ బొమ్మలు కావాలి. దోసపాదుకి ఒకటి కట్టిపెట్టండమ్మా అని వెంకన్న. కొత్తిల్లు కడుతున్న సూర్యకుమారిగారు ఇంటికే వచ్చేశారు. బంగారరాజుగారి బొమ్మ మరీ పెళ్ళికూతురిలా నవ్వుతోందండీ, దాన్ని చూసి భయపడేదెవరండీ, మాదానికి కాస్త కోరలు పెట్టండీ అంటారావిడ. నవ్వొచ్చింది. నవ్వాక, ఈ సంగతి చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చింది.

కాబట్టి నువ్వు శ్రమపడి ప్రదర్శనకి రానక్కర్లేదు. బావగారికి నా నమస్కారాలు, పాపకి ముద్దులు.

నీ చెల్లెలు,
సువర్ణ

తా.క.: జాలేసి ఇచ్చానని పైన రాశాను. జాలి ఉంది గానీ ఇచ్చింది అందుకు కాదు. ఆ బొమ్మ నువ్వే. నీ ఎత్తు, నువ్వు వంచినట్టే పక్కకి వంచిన మెడ. రోజూ సాయంత్రం బడి వరండాలో దాని పక్కన కూర్చునే అన్నం తినేదాన్ని. నీ పెళ్ళయ్యాక నేను రాసిన ఏ ఉత్తరానికీ నీ దగ్గర్నుంచి జవాబు లేదు. పాప పుట్టిందని కూడా ఎవరో చెబితేనే తెలిసింది. కాకినాడలో ఊరంతా వచ్చి చూసి, నువ్వొక్కదానివే రాకపోతే, ఆ బొమ్మని విప్పి మళ్ళీ ఈ వరండాలోకి తెచ్చుకోవడం నా వల్ల కాదనిపించింది. బంగారరాజుగారు అడగ్గానే అదే సాకని ఇచ్చేశాను. అడిగితే ఆయన తిరిగి ఇచ్చేస్తారు. వస్తానని ఒక్క కార్డు ముక్క రాయక్కా, చెరువు గట్టుకి వెళ్ళి నేనే విప్పుకొస్తాను.