పుష్పావతి బుట్ట దింపించాను

మచిలీపట్నం,
14-8-1999, శనివారం.

తమ్ముడు నాగేంద్రకు,

అక్క గాయత్రి దీవెనలు. అవనిగడ్డలో నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను క్షేమమని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

మొన్న గురువారం నా ఇంట్లో దొంగలు పడ్డారు. బడి నుంచి వచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల ట్రంకుపెట్టె మూత మాత్రం తీసి ఉంది. అమ్మ గొలుసు లేదు.

నా జీతంతో అద్దెకు తీసుకున్న మొదటి పోర్షన్ కదా, ఎంత జాగ్రత్తపడ్డానో! కిటికీలకి ఇనపవల కొట్టించాను. పెరటి తలుపుకి కొత్త గడియ పెట్టించాను. పాలవాణ్ణి కూడా గుమ్మం దాటనివ్వలేదు. అయినా పోయింది. కానిస్టేబుల్ తాళం తిప్పి చూసి, "పగలగొట్టలేదమ్మా, చెవితోనే తీశారు. ఇంటి సంగతులు తెలిసినోళ్ల పనే" అన్నాడు.

అప్పట్నుంచి ఎవర్ని చూసినా అనుమానమే. ఎదురింటి శోభనాద్రిగారు పేపరు అడ్డం పెట్టుకున్నా ఎందుకబ్బా అనిపిస్తోంది. ఇంటివారు సుబ్బరత్నమ్మగారు ఆ సాయంత్రం నేను బడి నుంచి వచ్చేలోపే గుడివాడలో కూతురింటికి బయల్దేరితే, అంత తొందరేమిటని ఆవిణ్ణీ అనుమానించాను.

చివరికి నా మనసు పుష్పావతి దగ్గర ఆగింది. మంగినపూడి నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. నా గుమ్మంలోనే కూర్చుని కోసిస్తుంది. నేను నీళ్లకని లోపలికెళ్తే తాళంచెవి గడప మీదే ఉండేది. పైగా, బడి నుంచి ఎన్నింటికొస్తావని రోజూ అడిగేది. నిన్న రాగానే నిలదీశాను. వీధంతా చూస్తుండగా బుట్ట దింపించి, చేపల కింద చెయ్యి పెట్టి వెతికాను. "మంచి చేపుంటే నీకోసం ఉంచుదామని అడిగాను టీచరమ్మా, ఒకళ్ల సొమ్ము నాకెందుకు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను నమ్మలేదు. కానిస్టేబుల్‌కి ఆమె పేరే చెప్పాను. సోమవారం స్టేషన్‌కి రమ్మన్నారట.

నువ్వు వచ్చి నాలుగు రోజులుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. నాన్నకి ఇప్పుడే చెప్పకు.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
అక్క గాయత్రి

తా.క.: కవరు అంటించబోతుంటే సుబ్బరత్నమ్మగారు గుడివాడ నుంచి వచ్చారు. సంగతి చెప్పగానే ఆవిడ తెల్లబోయారు. "అదేంటమ్మా, గురువారం మధ్యాహ్నం మీ తమ్ముడొచ్చాడుగా! తనే తాళం తీసుకుని లోపలికెళ్లాడు. మజ్జిగిస్తే తాగకుండానే బస్సు టైమైందని వెళ్లిపోయాడు" అన్నారు.

ఎప్పుడైనా అవసరపడుతుందని రెండో తాళంచెవి నీకే ఇచ్చాను నాగేంద్రా. వీధి వీధంతా అనుమానించాను గానీ, నీ పేరు నా మనసులోకే రాలేదు.

స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. గొలుసు ఏం చేశావో, ఏం కష్టమొచ్చిందో నీ నోటితోనే వింటాను. వచ్చే ఆదివారం, ఇరవై రెండున, పొద్దున తొమ్మిదింటికి బందరు బస్టాండులో ఉంటాను. నాతో మంగినపూడి రావాలి. పుష్పావతి గుమ్మంలో నేను తప్పు ఒప్పుకునేటప్పుడు, నా పక్కన నువ్వూ నిలబడాలి.