నక్షాలో ఉన్న స్తంభం

అచ్చంపేట,
జూలై 2019

ప్రియమైన చెల్లి అక్షితకు,

నేను వార్డెన్‌గా ఉన్న ఈ హాస్టలు దగ్గర ఫోను సిగ్నల్ అందదు, అందుకే ఉత్తరం. బాలింతవని తెలిసీ నీకు పని చెబుతున్నాను. వానలు మొదలయ్యాక భోజనాల గది గోడ పగులుతోంది. పైన పిల్లలు నడిస్తే లోపల్నించి చప్పుడు. ఐదో తరగతి ప్రవళిక "గోడల ఎవరో పండ్లు నూరుతున్నరు మేడమ్" అని ఏడుస్తోంది. హాస్టలుకు ఇల్లు అద్దెకిచ్చిన సోమన్నేమో "కొత్త ఇల్లు, జర సర్దుకుంటాంది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆయనిచ్చిన ఇంటి నక్షా, అదే ప్లాను, పంపుతున్నాను. భవనాల బలం లెక్కకట్టే ఇంజనీరువి, చూసి చెప్పు.

నీ అక్క,
సుమన

ప్రియమైన అక్కకు,

పాపను ఒడిలో పెట్టుకునే నక్షాను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బరువు మోయలేని చోట అది ఎర్ర గీత చూపిస్తుంది. ఒక్కటీ రాలేదు. అయినా పగులుకు అడ్డంగా సన్నని అద్దం ముక్క సిమెంటుతో అతికించు. గోడ కదిలితే అద్దం విరుగుతుంది. విరగకపోతే నిశ్చింతగా ఉండు.

నీ చెల్లి,
అక్షిత

అక్షితా,

అద్దం విరిగింది. ఎవరైనా తాకారేమోనని ఇంకొకటి పెట్టి, వంటమనిషి గుర్వమ్మను కాపలా ఉంచాను. "నేను ముట్టలేదమ్మా, చూస్తుండంగనే ఇరిగింది" అంది. పిల్లల ముందు నవ్వుతూనే తిరుగుతున్నాను. నీ కంప్యూటర్‌ను నమ్మాలా, ఈ అద్దాన్నా?

భయంతో,
సుమన

అక్కా,

నక్షా మీదున్న నంబరుకు చేస్తే సోమన్న ఫోను ఎత్తడం లేదు. మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికి ఈ చీటీ ఇచ్చి పంపుతున్నాను. కంప్యూటర్ చూసింది నక్షాను, మీ ఇంటిని కాదు. భోజనాల గది నడుమ ఒక స్తంభం గీసి ఉంది. నిజంగా అక్కడ ఉందా? లేకపోతే వెంటనే పిల్లల్ని బయటికి తెచ్చెయ్యి.

అక్షిత

ప్రియమైన అక్షితకు,

స్తంభం లేదు. గది విశాలంగా కనపడాలని కట్టేటప్పుడే వదిలేశారట.

చీటీ అందేసరికి పిల్లలు మధ్యాహ్నం భోజనాలకు కూర్చుంటున్నారు. "ఇయ్యాల బయట తిందాం" అని మాత్రం అన్నాను. అందరూ పళ్లేలతో వచ్చారు, ప్రవళిక తప్ప. లోపలికి పరుగెత్తాను. గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది.

"మేడమ్, ఇప్పుడు నూరుతలేరు," అంది.

పిల్లను ఎత్తుకుని గడప దాటానో లేదో, వెనక పైకప్పు కూలింది.

అందరం బతికాం. సోమన్న జాడ లేదు. మమ్మల్ని దగ్గర్లోని బడి గదుల్లోకి మార్చారు. కానీ ఒక్క పిల్లా లోపల అడుగు పెట్టడం లేదు. నిన్న వానలోనూ ఆవరణలోనే నిలబడ్డారు. నేనూ వాళ్ల పక్కనే తడుస్తూ నిలబడ్డాను.

పాపకు ముద్దులతో,
నీ అక్క సుమన