సంచిలో పుస్తకం పట్టేంత చోటు

1979 నవంబరు 14, బుధవారం, రాత్రి

అనంతగిరి కొండల్లో నాలుగు రోజుల నడకకు తిండి సిద్ధమైంది. పేలపిండి, బెల్లం, అటుకులు, ఎండురొయ్యల పొడి. అన్నీ కలిపినా మూడు కిలోలు దాటలేదు. పేలాలు దంచుతుంటే లేచిన వాసనకు కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. మంచులో కాఫీ తోటలు, బండరాళ్ల మధ్య వాగు ఈ గదిలోకే నడిచి వచ్చినట్టుంది.

తిండి ఇంత తేలిక చేసింది సంచిలో ఒక పుస్తకం పట్టాలని. పన్నెండేళ్ల కిందట ఇదే దారిలో మా బావ అప్పలరాజు, బరువు తగ్గుతుందని నా పుస్తకాన్ని వాగు పక్క బండ మీద వదిలేశాడు. బియ్యం మూట మాత్రం వదల్లేదు. ఇన్ని చదివాను, క్షమించడం ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఈసారీ నాతో వస్తానన్న బావ సాయంత్రం పూర్ణా మార్కెట్లో కనిపించి, నా పొట్లాలు విప్పి చూసి నవ్వాడు.

“ఇదేటి బావా, పిట్టలకేత్తావా? నాలుగు దినాలు అన్నం నేకుండా నాను రాను.”

“అయితే నీ బియ్యం నువ్వే మొయ్యి.”

నవ్వు ఆగిపోయింది. “బుజం పడిపోనాది బావా. సెంబు కూడా ఎత్తనేకపోతన్నాను.”

ఇంటికొచ్చి చాలాసేపు సంచి ముందు కూర్చున్నాను. కళ్లు మూస్తే ఆ దారి కనిపించింది, కానీ ముందు నడిచే మనిషి లేడు. చివరికి పుస్తకం తీసి అలమారలో పెట్టి, ఆ చోట బియ్యం, చిన్న గిన్నె సర్దాను.

క్షమించానని కాదు. ఆ బండ మీదే అన్నం వండి పెట్టి, మొదటి ముద్ద నోట్లో ఉండగానే పుస్తకం సంగతి అడుగుతాను. అడుగుతానో, ఇంకాస్త వడ్డిస్తానో...